కేప్ సీమలో నిప్పు, విత్తనము, శాసనము

ఆఫ్రికా ఖండపు నైరృతి కొసయందు, గుడ్‌హోప్ అగ్రమును ఆనుకొని వ్యాపించిన కొండనేలను కేప్ సీమ యందురు. వైశాల్యమున అది సుమారు 90,000 చదరపు కిలోమీటర్లు. అనగా నేటి తెలంగాణ రాష్ట్రము కంటె చిన్నది. అంత కొద్ది చోటున సుమారు 9,000 జాతుల మొక్కలు కలవు. వానిలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రపంచమున మరి యెచ్చటను సహజముగా మొలవవు. ఆ కొండలపై మహావృక్షములు అరుదు. మోకాలెత్తున, నడుమెత్తున, ఒక్కొక్కచోట ఆలెత్తున పెరుగు పొదలే మెండు. ఈ పొదభూములకు డచ్చి భాషనుండి వచ్చిన పేరు ఫైన్‌బాస్. సన్నని ఆకుల పొద యని దాని యర్థము.

అచ్చటి ఋతువులు మన ఋతువులకు తలక్రిందులు. మే మొదలు ఆగస్టు వరకు వారికి చలికాలము; వానలును అప్పుడే కురియును. నవంబరు మొదలు మార్చి వరకు వేసవి. ఆ కాలమున ఆగ్నేయపు గాలి రోజులతరబడి వీచి, కొండలపై పొదలను ఎండగొట్టును. ఎండిన పొదలకు పిడుగువలననో, మానవుని చేతివలననో నిప్పంటినచో కొండకు కొండయే కాలిపోవును. పది పదిహేనేండ్లకు ఒకమారు, కొన్ని తావులయందు ముప్పదేండ్లకు ఒకమారు, ఇట్లు జరుగుచునే యుండును. మరుసటి చలికాలపు వానతో ఆ నల్లని నేలనుండి వేలకొలది మొలకలు తలయెత్తును. కాలకముందు ఆ చోట కనుపింపని జాతులును అందు కానవచ్చును.

ఈ మొలకలు ఎచ్చటినుండి వచ్చినవి? అన్నియేండ్లు నేలలో నిద్రించిన విత్తనమునకు మేల్కొనవలసిన వేళ యిదియే యని తెలిపిన దేది? ఈ ప్రశ్నలకు శాస్త్రసమ్మతమైన సమాధానము లభించుటకు మూడు శతాబ్దములు పట్టినది. ఈలోపల నిప్పును కేవలము శత్రువుగా నెంచిన శాసనములును, అలవాట్లును కొన్ని జాతులను సమూల నాశనపు అంచు వరకు కొనిపోయినవి.

నిప్పును నిషేధించిన శాసనము

ఐరోపావారు రాకముందు కేప్ సీమలో ఖోయ్‌ఖోయ్ జనులు ఆవులను, గొఱ్ఱెలను మేపుకొని జీవించుచుండిరి. వారు ఋతువు ననుసరించి తావులు మారుచు, ముదిరిపోయిన పొదలను కాల్చెడివారు. మరల ఆ చోటికి తిరిగి వచ్చునాటికి లేత పసరిక పెరిగియుండెడిది. దుంపజాతి మొక్కలును కాలిన నేలలో విరివిగా పూచెడివి. నిప్పు వారికి కోపముతో చేసిన పని కాదు. పశుపోషణలో ఒక భాగము.

1652 ఏప్రిలులో జాన్ వాన్ రీబెక్ నాయకత్వమున డచ్చి ఈస్టిండియా కంపెనీవారు టేబుల్ అఖాతపు తీరమున దిగి, తూర్పుదేశములకు పోవు ఓడలకు కూరగాయలు, మాంసము, మంచినీరు సమకూర్చుటకు ఒక స్థావరము నేర్పరచిరి. ఈ కంపెనీ తెలుగువారికి క్రొత్తది కాదు. మచిలీపట్నమున 1605లోను, పులికాటున 1610లోను వర్తకశాలలు నెలకొల్పిన కంపెనీయే యిది. కోరమండల్ తీరమునుండి బానిసలుగా కొనిపోబడినవారును నాటి కేప్ జనులలో ఉండిరి.

వలస వచ్చినవారు గోధుమ విత్తిరి. గడ్డి కప్పిన ఇండ్లు కట్టుకొనిరి. ఎండిన పైరునకు, గడ్డి యింటికి పొరుగు కొండపై మంట ఎంత భయంకరమో ఊహింపవచ్చును. కావున మంటలను నిషేధించుచు కంపెనీ ఆజ్ఞలు వెలువడసాగెను. వానిలో 1687 నాటి ఆజ్ఞ మిక్కిలి కఠినమైనది. బయళ్ళకు నిప్పు పెట్టినవానికి మొదటి తప్పునకు తీవ్రమైన కొరడాదెబ్బలు. రెండవ తప్పునకు ఉరి. ఈ శాసనము వెనుక ద్వేషముకంటె భయమే యెక్కువ. ఐనను, తరతరములుగా ఆ నేలను ఎరిగిన జనుల ఆచారము దీనితో నేరముగా మారినది.

పందొమ్మిదవ శతాబ్దమున కేప్ సీమ ఆంగ్లేయుల వశమైన పిదప ఈ భయమునకు శాస్త్రపు రూపము వచ్చినది. 1860 దశకమున ఆ వలసరాజ్యపు వృక్షశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన జాన్ క్రూంబీ బ్రౌన్, బయళ్ళు కాల్చుటవలన నేల ఎండి, ఊటలు తరిగిపోవుచున్నవని గట్టిగా వాదించెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలోను పెక్కుమంది విద్వాంసులు ఈ మార్గమునే అనుసరించిరి. నిప్పు లేనిచో పొదలు నానాటికి దట్టమై, పువ్వులు ఇంకను వర్ధిల్లునని వారి నమ్మకము.

ఇట్టి ఆలోచన భారతదేశమునను అదే కాలమున ప్రబలినది. 1882 నాటి మదరాసు అటవీ చట్టము రక్షితారణ్యములలో నిప్పు పెట్టుటను నేరముగా నిర్ణయించినది. గోదావరి, విశాఖపట్టణము ఏజెన్సీలలో కొండజనుల పోడు వ్యవసాయముపై ఆంక్షలు పెరిగినవి. ఐనను, అటవీశాఖలోనే కొందరికి సందేహములు కలుగకపోలేదు. 1896లో స్లేడ్ అను అధికారి, బర్మా అడవులలో నిప్పునుండి రక్షణ మితిమీరినదని 'ఇండియన్ ఫారెస్టర్' పత్రికలో వ్రాసెను. మంటలను మాన్పిన చోట్ల లేత టేకు మొక్కలు పుట్టుట తగ్గుచున్నదని ఆనాటి వాదము. కేప్ సీమయందును ఇట్టి సందేహమే కొంత ఆలస్యముగా తలయెత్తినది.

రక్షణలో నశించిన పువ్వులు

కేప్‌టౌన్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్గరెట్ లెవిన్స్ అను విదుషి స్టెలెన్‌బాష్ సమీపమున ఐడాస్ వేలీలో బయళ్ళు కాల్చి పరిశీలించి, తన పరిశోధనలను 1929లో ప్రకటించెను. 1935లో దక్షిణాఫ్రికా మొక్కల విత్తనముల అంకురోత్పత్తిని గూర్చి మరియొక వ్యాసము ప్రకటించెను. మంటకు తరువాత వచ్చు మొలకలను ఊహతో గాక లెక్కతో పరిశీలించిన తొలి ప్రయత్నములలో ఇవి చేరును. 1935లోనే యోంకర్స్‌హూక్ లోయలో అటవీ పరిశోధనా కేంద్రము ఏర్పడి, వాగులలో నీటి పరిమాణమును ఏండ్లతరబడి కొలుచుట మొదలైనది.

ఈ కొలతలకంటె కన్నులకు కట్టినట్లు సత్యమును తెలిపినవి కొన్ని పువ్వులు. కోగెల్‌బర్గ్ కొండల చిత్తడి వాలులపై పెరుగు ఓరోథామ్నస్ జెయ్‌హెరీ అను మొక్కను అచ్చటివారు చిత్తడి గులాబి యందురు. నిజమునకు అది గులాబి జాతి కాదు, ప్రోటియా కుటుంబపు మొక్క. ఎఱ్ఱని, మైనము పూసినట్టి దాని పూలకొరకు జనులు ఎగబడి కోసెడివారు. అది తరిగిపోవుట చూచి ప్రభుత్వము కోయుటను నిషేధించినది. నిప్పు సోకకుండ కాపాడినది. అయినను ముదిరిన మొక్కలు ఒకటొకటిగా చనిపోవుచుండగా, వాని చోట ఒక్క లేత మొక్కయు రాలేదు. 1960 దశకము నాటికి ఈ జాతి అంతరించునేమో యను భయము కలిగెను. మంట సోకిన తావులలో మాత్రము క్రొత్త మొలకలు వచ్చుట అధికారులు గమనించిరి. తల్లి మొక్కలు చనిపోయినను, వాని విత్తనములు నేలలో సజీవముగనే యుండినవి. వానికి కావలసిన దానినే మానవుడు రక్షణ పేరిట నిలిపివేసెను.

ఆ కొండలలోనే మైమీటిస్ స్టోకోయీ అను మరియొక మొక్క కథ కలదు. వెండివన్నె ఆకులు గల ఈ మొక్కను 1922లో స్టోకో అను కొండలెక్కు ఔత్సాహికుడు కనుగొనెను. ఇరువదవ శతాబ్దములో అది రెండుమారులు అంతరించినదని తలపబడినది. 1999 డిసెంబరులో ఆ చోట మంట చెలరేగెను. 2001లో ఆ బూడిద నేలపై దాని మొలకలు మరల కానవచ్చెను. కండ్లకు కనబడని జాతి నశించిన జాతి కాదని ఈ ఉదాహరణము స్పష్టపరచినది.

ఇట్టి అనుభవముల ఫలితముగా 1968 నుండి కేప్ కొండల నీటి పరీవాహక ప్రాంతములలో అటవీశాఖయే ప్రణాళిక ప్రకారము మంటలు పెట్టుట ఆరంభించినది. 1687లో ఉరిశిక్షకు తగిన నేరమైనది, 281 ఏండ్ల పిదప ప్రభుత్వోద్యోగి విధులలో ఒకటైనది.

విత్తనము వేచియుండు విధములు

మంట వచ్చువరకు వేచియుండుటకు కేప్ మొక్కలకు ఒకే ఉపాయము లేదు. ప్రోటియా జాతులలో పెక్కు తమ విత్తనములను నేలపై రాల్చవు. గట్టి పూగుత్తులలోనే ఏండ్లతరబడి దాచుకొనును. మంటకు తల్లికొమ్మ చచ్చి ఎండిన పిమ్మట, ఆ గుత్తి విచ్చుకొని విత్తనములను విడుచును.

చిక్కుడు కుటుంబపు పొదల పద్ధతి వేరు. వాని విత్తనమునకు నీరు చొరనీయని గట్టి కవచముండును. మంట వేడికి ఆ కవచము ఒకచోట చిట్లి, నీరు లోనికి పోవును. ఈ విషయము మన రైతులకును, వననర్సరీలవారికిని అపరిచితము కాదు. తుమ్మ, ఆస్ట్రేలియా తుమ్మ వంటి గింజలను వేడినీటిలో వేసి, చల్లారినదాక నానబెట్టి విత్తుట మన వాడుక. టేకు కాయలను నానబెట్టి, ఎండబెట్టి, మరల నానబెట్టుటయు కవచపు కాఠిన్యమును తగ్గించుటకే.

చిత్తడి గులాబి, మైమీటిస్ వంటి మొక్కలు చీమలను ఆశ్రయించును. వాని విత్తనముపై నూనెగల మెత్తని పొర యొకటి యుండును. చీమలు ఆ రుచికై విత్తనమును పుట్టలోనికి లాగుకొనిపోయి, పొరను తిని, విత్తనమును అచ్చటనే విడుచును. ఎలుకల నోటికి చిక్కక, మంట వేడికి మాడక, అది నేలలో భద్రముగ నుండును. దక్షిణ అమెరికానుండి వచ్చిన అర్జెంటీనా చీమ యీ ఏర్పాటును భంగపరచినది. అది పొరను నేలపైననే తిని, విత్తనమును పూడ్చదు. 1984లో బాండ్, స్లింగ్స్‌బీ అను శాస్త్రజ్ఞులు ఒక మైమీటిస్ జాతిపై ప్రకటించిన పరిశోధనలో, స్థానిక చీమలున్న చోట మంట పిదప నూటికి 35 విత్తనములు మొలవగా, అర్జెంటీనా చీమలున్న చోట నూటికి ఒకటియైనను మొలవలేదు.

భూమిలో చేరిన యీ విత్తనములకు మంట జరిగిన సంగతి ఎట్లు తెలియును? పొదల నీడలో నేల ఉష్ణోగ్రత పగలు రాత్రి పెద్ద భేదము లేక యుండును. పొదలు కాలిపోగా నేల పగలు వేడెక్కి, రాత్రి చల్లబడును. 1980 దశకమున బ్రిట్స్ అను శాస్త్రజ్ఞుడు ల్యూకోస్పెర్మమ్ విత్తనములపై పరీక్షలు జరిపి, రాత్రి సుమారు 9 డిగ్రీలు, పగలు సుమారు 24 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలు మారుచుండినచో అవి బాగుగా మొలకెత్తునని చూపెను. అనగా ఆ విత్తనము కనిపెట్టుచున్నది మంటనే కాదు. మంట తరువాత తెరపిపడిన నేలను.

పొగ రహస్యము

ఐనను చాల జాతులు ఈ ఉపాయములలో దేనికిని లొంగలేదు. వేడి చేసినను, కవచము గీచినను మొలవని విత్తనములు కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానమున మెండుగ నుండెను. 1913లో స్థాపితమైన యీ ఉద్యానము కేప్ మొక్కల సంరక్షణకు ప్రధాన స్థానము. అచ్చటి శాస్త్రజ్ఞుడు డి లాంగే, ఆడూయినియా కాపిటాటా అను అరుదైన పొదను పెంచుటకు ఎంతయో శ్రమించెను. వేడి ఫలింపలేదు. తుదకు ఆయన ఒక పీపాలో పచ్చిమొక్కలను, ఎండుమొక్కలను కాల్చి, ఆ పొగను గొట్టము ద్వారా నేలపై కప్పిన గుడారము క్రిందికి పంపెను. కొన్ని వారములకు ఆ నేలలో మొలకలు తోచెను. మంట సోకలేదు, వేడి తగులలేదు; పొగ మాత్రమే తగిలినది. 1990లో డి లాంగే, బూషేలు ఈ విషయమును దక్షిణాఫ్రికా వృక్షశాస్త్ర పత్రికలో ప్రకటించిరి.

ఈ వార్త సముద్రము దాటి పశ్చిమ ఆస్ట్రేలియాకు చేరెను. అదియు వేసవి మంటల దేశమే. పెర్త్ నగరపు కింగ్స్ పార్కులో డిక్సన్, రోష్, పేట్ అను వారు మొలకెత్తుట కష్టమైన 94 జాతులకు పొగ పట్టించి చూడగా, 45 జాతులు అనుకూలముగ స్పందించెను. 1995లో ఈ ఫలితములు వెలువడెను. పొగలో నుండునది వేల రసాయనములు. వానిలో విత్తనమును లేపునది యేది? 2004లో ఫ్లెమాటీ తదితరులు పశ్చిమ ఆస్ట్రేలియాలోను, వాన్ స్టాడెన్ బృందమువారు దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోను విడివిడిగా ఒకే పదార్థమును కనుగొనిరి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ నేటాల్ సీమలోనిది. 1860 నవంబరు 16న మదరాసునుండి 'ట్రూరో' ఓడలో డర్బన్ చేరిన కూలీలతో ఆరంభమైన వలసలలో తెలుగువారు అనేకులు స్థిరపడినది ఆ సీమలోనే.

ఈ పదార్థము కొయ్య, ఆకు, కడకు వడపోత కాగితము కాల్చినను పుట్టును. మొక్కల దేహములోని సెల్యులోజే దానికి మూలము. కొద్దిపాటి పరిమాణముననే అది పనిచేయును. ఈ వర్గపు రసాయనములకు కారికిన్లు అని పేరిడిరి. పశ్చిమ ఆస్ట్రేలియా ఆదివాసులైన నూన్‌గార్ జనుల భాషలో 'కారిక్' అనగా పొగ. ఆ జనులును తమ నేలను తరతరములుగా కాల్చి పోషించినవారే. వారి మాట ఇట్లు రసాయనశాస్త్రమున నిలిచినది.

రెండువందల ఏండ్ల నిద్ర

విత్తనము ఎంతకాలము వేచియుండగలదు? దీనికి ఒక విచిత్రమైన సాక్ష్యము లభించినది. 1803లో యాన్ టీర్లింక్ అను డచ్చి వర్తకుడు కేప్ సీమలో విత్తనములు సేకరించి, చిన్న కాగితపు పొట్లములలో కట్టి, తన తోలు పుస్తకములో దాచుకొనెను. అతడు ప్రయాణించిన ఓడ ఆంగ్లేయుల చేజిక్కెను. పట్టుబడిన కాగితములతో పాటు ఆ పొట్లములును లండన్ చేరి, రికార్డుల మధ్య పడియుండెను. 2005లో వాన్ గెల్డర్ అను డచ్చి పరిశోధకుడు వానిని జాతీయ అభిలేఖాగారమున కనుగొనెను. క్యూ ఉద్యానమువారు వాని నుండి 32 రకముల విత్తనములను పరీక్షింపగా, 2006లో మూడు రకములు మొలకెత్తెను. వానిలో ఒకటి చిక్కుడు కుటుంబపు లిపారియా, మరియొకటి ల్యూకోస్పెర్మమ్, మూడవది తుమ్మ జాతి. ఓడలోని తేమను, వేడిని, లండన్ చలిని రెండువందల ఏండ్లు ఓర్చిన విత్తనము, స్వంత కొండలో ముప్పదేండ్లు వేచియుండుటలో ఆశ్చర్యము లేదు.

మితము

ఇంతమాత్రముచేత నిప్పు ఎల్లవేళల మేలని తలచుట పొరబాటు. ప్రోటియా మొక్క విత్తనము నుండి పెరిగి, పూచి, చాలినన్ని విత్తనములు కూడబెట్టుటకు కొన్నియేండ్లు పట్టును. అంతకు మునుపే రెండవ మంట వచ్చినచో ఆ చోట ఆ జాతి వంశము తెగిపోవును. కావున నెమ్మదిగా పెరుగు ప్రోటియా మొక్కలలో కనీసము సగము మూడు ఋతువులైన పూయువరకు ఆ చోటును కాల్పరాదను నియమమును కేప్ అధికారులు ఏర్పరచుకొనిరి. కాల్చు ఋతువును ముఖ్యమే. వేసవి చివర, శరత్తు మొదట పెట్టిన మంటకు మొలకలు మెండు. చలికాలమున, వసంతమున పెట్టినదానికి కొరత. పరదేశములనుండి తెచ్చి నాటిన తుమ్మలు, పైన్ చెట్లు పొదలకంటె ఎక్కువ కట్టెను పోగుచేయుటచే, కొన్ని మంటలు మితిమీరిన వేడితో నేలలోని విత్తనములను సైతము మాడ్చివేయును. 1995 నుండి ప్రభుత్వము ఈ పరదేశపు చెట్లను నరికించుటకు ప్రత్యేక కార్యక్రమము నడుపుచున్నది.

కేప్ సీమ న్యాయమును మన దక్కను అడవులకు యథాతథముగా అన్వయింపరాదు. సిరోంచ, రాయగడ, కొరాపుట్టు సీమలయందు, ఆ చుట్టుపట్ల స్థిరపడిన తెలుగువారు ఎరిగిన అడవులు వేరు. అచ్చట వాన వేసవి వెంబడి వచ్చును. ఇప్పపువ్వు ఏరుటకు, తునికాకు చిగురించుటకు ఏటేట పెట్టెడి మంట పదేండ్ల కొకమారు వచ్చు మంట కాదు. ఏటేట కాలు నేలలో లేత మొక్క నిలువదు. కాని కేప్ చరిత్ర నేర్పు పాఠము ఒకటి అన్నిచోట్లకు చెల్లును. ఒక నేలలో నిప్పు మేలో కీడో నిర్ణయించుటకు ముందు, ఆ నేలలో ఏ విత్తనము దేనికొరకు వేచియున్నదో తెలిసికొనవలెను. ఆ నేలపై తరతరములుగా బ్రతికినవారు ఏల కాల్చిరో, ఎప్పుడు కాల్చిరో, ఎప్పుడు కాల్చరో అడుగవలెను. 1687లో ఖోయ్‌ఖోయ్ కాపరిని ఈ ప్రశ్న ఎవరును అడుగలేదు. అడిగియుండినచో చిత్తడి గులాబి కొరకు 1960 దశకము వరకు వేచియుండవలసిన పని లేకపోయెడిది.